చిగుళ్ల నుంచి రక్తం: అద్దం దగ్గర మొదలుపెట్టి డాక్టరు కుర్చీ దాకా

“మూడు, రెండు, మూడు. నాలుగు, ఐదు, ఆరు.”

నోరు తెరుచుకుని కుర్చీలో పడుకుని ఉన్నాను. డాక్టరమ్మ అంకెలు చెబుతోంది, పక్కన అసిస్టెంటు అమ్మాయి రాసుకుంటోంది. అయిపోయాక అడిగితే చెప్పింది: అవి మిల్లీమీటర్లు. పంటికీ చిగురుకీ మధ్య ఎంత లోతు గొయ్యి పడిందో కొలిచిన లెక్క. మూడు దాకా ఫరవాలేదు, నాలుగు నుంచి ఆలోచించాలి. నా దవడ పళ్ల దగ్గర ఐదులూ ఆరులూ వచ్చాయి. అప్పుడు నాకు 43 ఏళ్లు. పళ్లు తోముకుంటుంటే రక్తం రావడం మొదలై అప్పటికే ఐదారేళ్లు. ఆ ఐదారేళ్లలో ఒక్కరోజు కూడా నొప్పి లేదు.

ఈ జబ్బుతో చిక్కంతా ఇదే. పిప్పి పన్ను అర్ధరాత్రి లేపి కూర్చోబెడుతుంది, పొద్దున్నే డాక్టరు దగ్గరికి పరిగెత్తిస్తుంది. చిగుళ్ల జబ్బు మాత్రం చడీచప్పుడూ లేకుండా పంటి కింద ఎముకను కరిగించుకుంటూ పోతుంది. మనకి తెలిసేసరికి పన్ను ఊగుతుంటుంది. అది ఇచ్చే ఒకే ఒక కబురు బ్రష్ మీద కనిపించే ఎర్రటి మరక. ఆ మరక చూసి మనలో చాలామంది చేసే పని ఏమిటంటే, అక్కడ బ్రష్ తగలకుండా తోముకోవడం. నేనూ అదే చేశాను. చేయాల్సింది సరిగ్గా దానికి తిరగేసి.

నేను డాక్టర్ని కాను. ఈ వైద్యం చేయించుకున్న మనిషిని, ఆ తర్వాత షుగర్ ఉన్న మా అమ్మకి దగ్గరుండి చేయించిన మనిషిని. అడిగి, చదివి, అనుభవించి తెలుసుకున్నది వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడం

పొద్దున లేవగానే నాలుకతో పళ్లని తడిమితే జిగటగా, మెత్తగా తగిలేది పాచి. తిన్న అన్నం మెతుకులు కాదది. కోట్లకొద్దీ బాక్టీరియా పంటి మీద కట్టుకున్న ఊరు. శుభ్రంగా తోముకున్న కొన్ని గంటలకే మళ్లీ కట్టడం మొదలవుతుంది. అలాగే వదిలేస్తే ఒకటి రెండు రోజుల నుంచే లాలాజలంలోని కాల్షియం లాంటి ఖనిజాలు దానిలో చేరి గట్టిపడుతుంది. అదే గార. పాచి బ్రష్‌కి పోతుంది. గార పోదు, ఎంత గట్టిగా రుద్దినా సరే.

గార ఎక్కువగా కింది ముందు పళ్ల వెనకా, పై దవడ పళ్లకి బుగ్గ వైపునా పడుతుంది. లాలాజలం నోట్లోకి ఊరే గొట్టాలు తెరుచుకునేది ఆ చోట్లనే. నాలుక కొసతో కింది ముందు పళ్ల వెనక తడమండి. గరుగ్గా మెట్టులా తగిలితే గార ఉన్నట్టే.

పాచికీ చిగుళ్ల వాపుకీ ఉన్న సంబంధాన్ని హరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు డెన్మార్క్‌లో తేటతెల్లం చేశారు. 1965లో అచ్చయిన ఆ ప్రయోగం చాలా సాదా. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం మానేయమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోమన్నారు. దాదాపు వారంలో చిగుళ్లు మామూలయ్యాయి. ఈ మొదటి దశలో జబ్బు పూర్తిగా వెనక్కి పోతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ దశలో పట్టించుకోకపోతే కొందరిలో కథ లోపలికి సాగుతుంది. పాచి చిగురు కిందికి దిగుతుంది. చిగురు పంటిని వదిలి సంచిలా తెరుచుకుంటుంది. దీన్నే డాక్టర్లు పాకెట్ అంటారు. అక్కడ చేరిన బాక్టీరియాతో మన ఒంటి రక్షణ వ్యవస్థ యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధంలో ఎక్కువ నష్టపోయేది పంటిని పట్టి ఉంచిన ఎముకే. పెద్దవాళ్లు పయోరియా అని పిలిచేది ఈ దశనే, ఇప్పటి పేరు పీరియోడాంటైటిస్. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. వైద్యమంతా ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికే.

“మా తాతయ్య జీవితంలో బ్రష్ ముట్టలేదు, తొంభై ఏళ్లకీ చెరుకుగడ కొరికేవాడు” అనే మాట ప్రతి ఇంట్లో ఉంటుంది. అబద్ధమేమీ కాదు. అదే హరాల్డ్ లో బృందం శ్రీలంక తేయాకు తోటల్లో పళ్లు శుభ్రం చేసుకునే అలవాటే లేని 480 మంది మగ కూలీలను 1970 నుంచి 15 ఏళ్లు గమనించింది. వాళ్లలో సుమారు 11 శాతం మందికి జబ్బు చిగుళ్ల వాపు దాటి ముదరలేదు. 81 శాతం మందికి మెల్లగా ముదిరింది. 8 శాతం మందికి మాత్రం నడివయసులోనే పళ్లన్నీ రాలిపోయే వేగంతో ముదిరింది. మీ తాతయ్య ఆ పదకొండు శాతంలో ఒకడు. మీరు ఏ గుంపులో ఉన్నారో ముందుగా చెప్పడం కష్టం. ఇంట్లో అమ్మకో నాన్నకో చిన్న వయసులోనే పళ్లు కదిలి ఊడిపోయి ఉంటే మాత్రం జాగ్రత్తపడాలి.

రెండో మెట్టు: అద్దం ముందు పది నిమిషాలు

మంచి వెలుతురులో నిలబడి పెదవి ఎత్తి చూసుకోండి. ఆరోగ్యంగా ఉన్న చిగురు పంటికి గట్టిగా అంటుకుని, పళ్ల మధ్య సన్నగా మొనదేలి ఉంటుంది. రంగు అందరికీ గులాబీగా ఉండాలని లేదు. మనవాళ్లలో చాలామందికి చిగుళ్ల మీద నల్లటి, గోధుమ రంగు మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి, అది జబ్బు కాదు. చూడాల్సింది మార్పు. అంచు ఎర్రగా, నున్నగా ఉబ్బిందా, తోముకుంటేనో జామకాయ కొరికితేనో రక్తం వస్తోందా, పళ్లు మునుపటికన్నా పొడుగ్గా కనిపిస్తున్నాయా అని చూడండి. పొడుగు పెరిగినట్టు కనిపిస్తే పెరిగింది పన్ను కాదు, చిగురు వెనక్కి జారింది. ముందు పళ్ల మధ్య కొత్తగా సందులు రావడం, అన్నం తిన్న ప్రతిసారీ ఒకే చోట పీచు ఇరుక్కోవడం, నొక్కితే చీము రావడం, ఎంత తోమినా పోని నోటి వాసన ఉంటే జబ్బు ముదిరిందని అర్థం.

పొగతాగేవాళ్ల సంగతి వేరు. చుట్ట వదలని మా మేనమామ “నా చిగుళ్ల నుంచి చుక్క రక్తం రాదురా” అని గొప్పగా చెప్పుకునేవాడు. నికోటిన్ చిగుళ్ల రక్తనాళాలను కుదించేస్తుంది, అందుకని రక్తం రాదు. అసలు జబ్బు ఆయనకే ఎక్కువగా ఉంది. పొగతాగేవాళ్లు రక్తం కోసం ఎదురుచూడకుండా నేరుగా వెళ్లి కొలిపించుకోవాలి.

చిగుళ్ల నుంచి వచ్చే రక్తమంతా ఈ జబ్బు వల్లే కాదు. వానాకాలంలో జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం వస్తే పళ్ల డాక్టరు కోసం వెతక్కండి, డెంగ్యూ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఉన్నట్టుండి చిగుళ్లన్నీ ఉబ్బి, ఆగకుండా రక్తం కారుతూ, నీరసం, ఒంటి మీద కమిలిన మచ్చలు ఉంటే రక్తపరీక్ష ఆ రోజే చేయించాలి. కొన్ని రకాల బ్లడ్ క్యాన్సర్ అలా బయటపడుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి చిన్న వాపుకే ఎక్కువ రక్తం వస్తుంది. బీపీకి మన ఇళ్లలో చాలామంది వేసుకునే ఆమ్లోడిపిన్, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్లను కండల్లా పెంచుతాయి. అలా అనిపిస్తే మాత్ర మీరే మానేయకండి. రాసిన డాక్టరుకి చూపించండి, మార్చడానికి వేరే మందులున్నాయి. నోట్లో ఎక్కడైనా పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, ముఖ్యంగా పొగాకు అలవాటున్నవాళ్లలో, తప్పనిసరిగా చూపించుకోవాలి.

పళ్ల మీద మరక కనిపిస్తే అదంతా గార అనుకోవద్దు. నల్గొండ, ప్రకాశం వైపు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద కనిపించే పసుపు, గోధుమ చారలు ఫ్లోరైడ్ వల్ల పంటి లోపలే ఏర్పడినవి. క్లీనింగ్ చేయించినా అవి పోవు. అవి పోలేదని క్లీనింగ్ దండగ అనుకోవడం పొరపాటు.

మూడో మెట్టు: ఎవరి దగ్గరికి, ఏం అడగాలి

మామూలు వాపు, గార అయితే ఏ పళ్ల డాక్టరైనా చాలు. పన్ను కదులుతున్నా, సందులు పడ్డా, చీము వస్తున్నా చిగుళ్ల మీద ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) చేసినవాళ్లని, అంటే పీరియోడాంటిస్ట్‌ని వెతకండి. ఖర్చు భయం ఉంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ, విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో దీనికి విడిగా విభాగం ఉంటుంది. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లోనూ క్లినిక్‌లకన్నా తక్కువకే చేస్తారు. పీజీ విద్యార్థులు చేస్తారు కాబట్టి టైమ్ ఎక్కువ పడుతుంది, ఓపిక పట్టాలి. ఆ ఓపికకి తగ్గ లాభం కూడా ఉంది: పక్కన ప్రొఫెసర్ నిలబడి చూస్తుంటారు.

వెళ్లేటప్పుడు వేసుకునే మాత్రల చీటీ తీసుకెళ్లండి. షుగర్, గుండె కవాటం మార్పిడి, పేస్‌మేకర్, గర్భం, రక్తం పలచబడే మాత్రలు వీటిలో ఏది ఉన్నా నోరు తెరవకముందే చెప్పాలి. గుండె కవాటం మార్చినవాళ్లకి ముందుగా యాంటీబయాటిక్ డోసు అవసరం. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలు క్లీనింగ్ కోసమని సొంతంగా ఆపకండి. ఆపడం వల్ల వచ్చే ప్రమాదం ఆ కాస్త రక్తం కన్నా చాలా పెద్దది.

అక్కడ రెండు పనులు జరగాలి. ఒకటి, గీతలున్న సన్నటి కడ్డీతో ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలవడం. రెండు, ఎముక ఎంత మిగిలిందో చూడటానికి ఎక్స్‌రే. కొలవకుండా, ఎక్స్‌రే లేకుండా నేరుగా “లేజర్ చేయించుకోండి”, “సర్జరీ కావాలి” అంటే ఇంకొకరికి చూపించుకోవడం మంచిది. ఆ కొలతల చార్టు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. వైద్యం పనిచేసిందో లేదో రేపు తేలేది ఆ అంకెలతోనే. 2018 నుంచి డాక్టర్లు ఈ జబ్బును నాలుగు స్టేజీలుగా, వేగాన్ని బట్టి మూడు గ్రేడులుగా రాస్తున్నారు. స్టేజీ అనగానే క్యాన్సర్ గుర్తొచ్చి మా అమ్మకి బీపీ పెరిగినంత పనైంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇప్పటిదాకా ఎంత నష్టం జరిగిందన్నది స్టేజీ, ఎంత వేగంగా జరుగుతోందన్నది గ్రేడు.

నాలుగో మెట్టు: క్లీనింగ్, దాని చుట్టూ ఉన్న భయాలు

క్లీనింగ్‌నే డాక్టర్లు స్కేలింగ్ అంటారు. అది పళ్లను గీకడం కాదు. సెకనుకు పాతికవేల సార్లకు పైగా కంపించే సన్నటి మొన గారను పగలగొడుతుంటే నీటి జల్లు దాన్ని కడిగేస్తుంది. కీచుమనే చప్పుడు వినడానికి బాగోదు, అంతే.

“క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయి” అని మా వీధిలో సగం మంది నమ్మకం. ఇది ఎందుకు పుట్టిందో తెలిస్తే భయం పోతుంది. జబ్బు ముదిరిన నోట్లో ఎముక అప్పటికే తగ్గి ఉంటుంది. పళ్ల మధ్య సిమెంటులా పేరుకున్న గార వాటిని ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. గార తీయగానే అప్పటిదాకా దాక్కున్న సందులూ కదలికా బయటపడతాయి. పడిపోయే గోడకి ఆనుకుని పెరిగిన ముళ్లపొద కొట్టేస్తే గోడ బీటలు కనిపించినట్టు. పొద కొట్టినందుకు గోడ పగల్లేదు కదా. నిజానికి గార పోయి వాపు తగ్గాక చాలా పళ్లు కాస్త గట్టిపడతాయి కూడా. క్లీనింగ్ అయ్యాక కొన్ని రోజులు చల్లనీళ్లకి పళ్లు జివ్వుమంటాయి. చిగుళ్ల వాపు తగ్గి వేరు భాగం కాస్త బయటపడటం వల్ల అది. సెన్సిటివిటీ పేస్టు వాడితే రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది.

పాకెట్లు నాలుగు మిల్లీమీటర్లు దాటితే పైపై క్లీనింగ్ సరిపోదు. డీప్ క్లీనింగ్ చేస్తారు. మత్తు ఇంజక్షన్ ఇచ్చి చిగురు కింద, వేరు మీద ఉన్న గారను తీస్తారు. ఇది చేతి పరికరాలతో, మెషీన్‌తో కలిపి ఒక్కో వైపు ఒక్కో సిట్టింగ్‌లో చేయడం మామూలు. నాకు నాలుగు సిట్టింగులు పట్టింది. ఇంజక్షన్ గుచ్చినప్పుడు తప్ప నొప్పి లేదు. ఆ రాత్రి మాత్రం పెరుగన్నంతో సరిపెట్టుకున్నాను, ఆవకాయ జాడీ వైపు చూడలేదు.

అమెరికా నుంచి సెలవులకి వచ్చి ఇక్కడ పళ్ల పని చేయించుకునేవాళ్లకి ఒక మాట. మామూలు క్లీనింగ్‌కి పది రోజులు చాలు. డీప్ క్లీనింగ్‌కి మాత్రం రెండు మూడు నెలల తర్వాత మళ్లీ కొలవడం ఉంటుంది. మూడు వారాల ట్రిప్పులో మొదలుపెడితే ఆ రెండో సగం అక్కడ ఎవరి దగ్గర చేయించుకోవాలో ముందే చూసుకోండి, చార్టూ ఎక్స్‌రేలూ పట్టుకెళ్లండి.

ఐదో మెట్టు: మీ చేతిలో ఉన్న సగం వైద్యం

డాక్టరు గార తీస్తారు. రేపు పొద్దున కట్టే పాచిని తీయాల్సింది మీరే. ఇది కుదరకపోతే లక్ష రూపాయల సర్జరీ కూడా నిలవదని మా డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది.

మెత్తటి బ్రష్ కొనండి. గట్టి బ్రష్ పాచిని ఎక్కువ తీయదు, చిగురును మాత్రం అరగదీస్తుంది. కుచ్చు పంటికీ చిగురుకీ కలిసే గీత మీద ఉండాలి, సగం పంటి మీద, సగం చిగురు మీద, చిగురు వైపు వాలుగా, అంటే 45 డిగ్రీల కోణంలో. అక్కడే ఉంచి చిన్నగా కదిలించండి, వణికించినట్టు. పది పదిహేనుసార్లు కదిలించాక కుచ్చును నమిలే వైపుకి తిప్పుతూ ఊడ్చేయండి. తర్వాత పక్క రెండు పళ్లు. బకెట్ తోమినట్టు అడ్డంగా రుద్దితే పాచి సందుల్లోకి పోతుంది, చిగురు జారుతుంది. ఎక్కువమంది వదిలేసేది లోపలి వైపు, అంటే నాలుక వైపు. అందుకని అక్కడే మొదలుపెట్టండి. మొత్తం రెండు నిమిషాలు పట్టాలి. ఒకసారి గడియారం చూసి తోముకోండి, మనం మామూలుగా తోమేది ఎంత తక్కువో తెలుస్తుంది.

రక్తం వచ్చే చోట ఇంకాస్త ఓపికగా, మెత్తగా తోమాలి. మొదటి నాలుగైదు రోజులు రక్తం పెరిగినట్టే ఉంటుంది. మామూలు వాపైతే వారం, పది రోజుల్లో తగ్గడం మీకే కనిపిస్తుంది. రెండు వారాలైనా తగ్గకపోతే లోపల గారో పాకెట్టో ఉన్నట్టు, ఇంట్లో తేలేది కాదు.

రాత్రి పడుకునే ముందు తోమడం పొద్దున తోమడం కన్నా ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, బాక్టీరియాకి అడ్డు ఉండదు. మన ఇళ్లలో పొద్దున్నే నోరు కడుక్కోనిదే కాఫీ ముట్టనివ్వని అమ్మమ్మలు కూడా రాత్రి సంగతి పట్టించుకోలేదు. నాకూ ఆ అలవాటు పడటానికి ఆరు నెలలు పట్టింది.

ఇక సందులు. బ్రష్ పళ్ల మధ్యకి చేరదు, జబ్బు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. పళ్లు దగ్గరగా ఉంటే ఫ్లాస్ దారం. దాన్ని సందులో దింపి పంటిని చుట్టినట్టు అదిమి పైకీ కిందికీ లాగాలి, కోసినట్టు లోపలికి గుచ్చకూడదు. సందులు పడిపోయినవాళ్లకి ఇంటర్‌డెంటల్ బ్రష్ మేలు. సీసాలు కడిగే బ్రష్‌కి బుల్లి పిల్లలా ఉంటుంది. సైజులు రంగుల్ని బట్టి ఉంటాయి. ఏ సందుకి ఏ సైజో డాక్టరు దగ్గరే పెట్టించుకుని చూడండి. కాస్త బిగుతుగా దూరాలి, బలవంతంగా కాదు. పిన్నీసు, అగ్గిపుల్ల, చీపురు పుల్ల మాత్రం వద్దు. వాటితో చిగురు చీరి చీము పట్టినవాళ్లని డెంటల్ కాలేజీ వరండాలో చూశాను.

వేపపుల్ల సంగతి అందరూ అడుగుతారు. వేప, కానుగ, వినాయక చవితి పత్రిలో కనిపించే ఉత్తరేణి, ఇవన్నీ మన పెద్దలు వాడినవే. చివర మెత్తగా నమిలి కుచ్చు చేసి వాడితే పళ్ల బయటి వైపు శుభ్రపడుతుంది. లోపలి వైపుకీ, వెనక దవడ పళ్ల సందులకీ నిటారు పుల్ల చేరదు. ఇష్టమైతే పొద్దున పుల్ల, రాత్రి బ్రష్ పెట్టుకోండి. ఇటుక పొడి, బొగ్గు, గరుకు పళ్లపొడి మాత్రం పంటిని అరగదీస్తాయి. నూనె పుక్కిలించడం పాచిని కొంత తగ్గించవచ్చు, చిగురు కింద గారను అది కరిగించలేదు. గోరువెచ్చటి ఉప్పునీళ్లు, గ్లాసుకి అర చెంచా, వాపు ఉన్న రోజుల్లో హాయినిస్తాయి. లవంగ నూనె నేరుగా చిగురు మీద రాస్తే కాలుతుంది. నొప్పని ఆస్పిరిన్ మాత్ర చిగురు పక్కన దాచుకుంటే తెల్లగా పొక్కుతుంది.

నిమ్మకాయ కథ ఒకటుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు, చిగుళ్లు కుళ్లి రక్తం కారుతున్న 12 మంది నావికుల్ని జంటలుగా విడదీసి ఒక్కో జంటకి ఒక్కో వైద్యం చేస్తే, నారింజలు, నిమ్మకాయలు తిన్న జంట త్వరగా కోలుకుంది. అది స్కర్వీ, సి విటమిన్ లేక వచ్చే జబ్బు. ఆ కథ పుణ్యమా అని ఇప్పటికీ చిగుళ్ల రక్తానికి మెడికల్ షాపులో సి విటమిన్ మాత్రలు ఇచ్చేస్తుంటారు. రోజూ ఉసిరికాయో జామకాయో టమాటానో తినేవాళ్లకి ఆ లోటు ఉండటం అరుదు. మాత్రలు చప్పరిస్తూ గారను వదిలేస్తే ఏమీ మారదు.

ఆరో మెట్టు: మందులకు వాటి చోటు

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మంచి మందే, కానీ రోజూ వాడే సరుకు కాదు. 0.2 శాతం ద్రావణం అయితే 10 మిల్లీలీటర్లు, నిమిషం పాటు, రోజుకి రెండుసార్లు, సాధారణంగా రెండు వారాలు. అంతకన్నా ఎక్కువ వాడితే పళ్ల మీద గోధుమ మరకలు పడతాయి, నాలుకకి రుచి మారుతుంది. టూత్‌పేస్టు నురుగు దాన్ని పనిచేయనివ్వదు, అందుకని తోముకున్నాక అరగంట ఆగి పుక్కిలించాలి.

యాంటీబయాటిక్ గురించి కాస్త కోపంగానే రాస్తున్నాను. నాకు మొదట్లో ఒక చోట కొలవకుండా, క్లీనింగ్ ఊసెత్తకుండా మూడుసార్లు అమోక్సిసిలిన్, మెట్రోనిడజోల్ రాశారు. వేసుకున్న వారం బాగుండేది, నెలకి మళ్లీ మొదలయ్యేది. పాచి బాక్టీరియా జిగట పొరలో గూడు కట్టుకుని ఉంటుంది, పొరను చెదరగొట్టకుండా మాత్ర ఒక్కటే వేస్తే దానికి పెద్దగా తగలదు. వేగంగా ముదిరే కొన్ని కేసుల్లో, జ్వరంతో చీముగడ్డ లేచినప్పుడు యాంటీబయాటిక్ అవసరమవుతుంది, అది కూడా క్లీనింగ్‌కి తోడుగానే. మెట్రోనిడజోల్ వాడుతున్నన్నాళ్లు మద్యం ముట్టకూడదు, తీవ్రంగా వాంతులు కావచ్చు.

బుగ్గ వాచి వాపు కంటి వైపో మెడ వైపో పాకుతుంటే, నోరు తెరవలేకపోతే, మింగలేకపోతే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

షుగర్, పొగాకు, గర్భం

షుగర్ అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రాదు. రెండువైపులా పదునున్న కత్తి. మా అమ్మకి మాత్రలు పెంచుతూ పోయినా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) తగ్గకపోతే, షుగర్ డాక్టరే నోరు చూపించమని పంపారు. డీప్ క్లీనింగ్ తర్వాత మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అలాగని షుగర్ మాత్రలకి ఇది బదులు కాదు. షుగర్ ఉన్నవాళ్లకి తరచుగా చిగురు మీద గడ్డలు లేస్తుంటే రెంటినీ కలిపి చూడాలి.

పొగాకు ఏ రూపంలో ఉన్నా ఈ వైద్యానికి శత్రువే. సిగరెట్ తాగేవాళ్లలో డీప్ క్లీనింగ్, సర్జరీ రెండూ తక్కువగా పనిచేస్తాయి. గుట్కా, ఖైనీ పెట్టుకునే చోట చిగురు జారిపోతుంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలకి చిగుళ్లతో పాటు అంగిలి కూడా చూపించాలి, అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. పొగాకు కలిపిన పళ్లపొడి కూడా పొగాకే.

గర్భిణులకి హార్మోన్ల వల్ల కొద్ది పాచికే చిగుళ్లు బాగా ఉబ్బుతాయి. “కడుపుతో ఉన్నప్పుడు పళ్ల జోలికి వెళ్లకూడదు” అని పెద్దవాళ్లు ఆపుతారు. క్లీనింగ్ చేయించుకోవచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అన్నిటికన్నా వీలైన సమయం.

ఏడో మెట్టు: మళ్లీ కొలత, ఆపై దారి

డీప్ క్లీనింగ్ అయిన రెండు మూడు నెలలకి అదే కడ్డీతో మళ్లీ కొలుస్తారు. పాత చార్టు ఫోటో పక్కన పెట్టుకుని చూడండి. ఎక్కువ పాకెట్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గుతాయి. ఆరు మిల్లీమీటర్లో, అంతకన్నా ఎక్కువో మిగిలి రక్తం వస్తుంటే ఫ్లాప్ సర్జరీ గురించి మాట్లాడతారు. చిగురును పక్కకి తెరిచి, కళ్లతో చూస్తూ పంటి వేర్లను శుభ్రం చేసి, కుట్లు వేస్తారు. ఎముక గుంత ఆకారం అనువుగా ఉంటే ఎముక పొడి నింపుతారు. గుంతకి మూడువైపులా గోడలు మిగిలి ఉంటే అది నిలుస్తుంది, చదునుగా అరిగిపోయిన చోట ఎంత ఖరీదు పొడి వేసినా నిలిచేది తక్కువ. అందుకని “బోన్ గ్రాఫ్ట్ వేస్తే పన్ను కొత్తదైపోతుంది” అని ఎవరైనా అంటే ఎక్స్‌రేలో ఆ గుంత చూపించమని అడగండి.

పన్ను కదిలినంత మాత్రాన పీకించేయక్కర్లేదు. కొద్దిగా కదిలే పళ్లను పక్క పళ్లతో సన్నటి తీగతో కలిపి కడతారు. పైకీ కిందికీ కూడా కదిలే పన్నును నిలబెట్టడం కష్టం. పీకించి ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టించుకుంటే సరిపోతుందనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఇంప్లాంట్ చుట్టూ కూడా ఇదే జబ్బు వస్తుంది, దానికి వైద్యం ఇంకా కష్టం.

ఆ తర్వాత మూడు నెలలకోసారి వెళ్లడం. బాగా కుదుటపడితే ఆరు నెలలకి మారుస్తారు. షుగర్‌లాగే దీన్ని అదుపులో పెట్టుకోవడమే ఉంటుంది, ఒకసారి చేయించి మర్చిపోయేది కాదు. నేను కరెంటు బిల్లు కట్టే డైరీలోనే ఈ తేదీలూ రాసుకుంటాను.

పోయిన నెల వెళ్లాను. అంకెలు ఇప్పుడు నాకే అర్థమవుతున్నాయి కాబట్టి చెవులు రిక్కించి విన్నాను. ఎక్కువగా రెండులు, మూడులు. కింద కుడివైపు చివరి దవడ పన్ను దగ్గర మాత్రం డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగి “ఐదు” అంది. ఆ పన్ను వేర్లు చీలే చోట ఎముక పోయింది, అక్కడికి మామూలు బ్రష్ చేరదట. సన్నటి కుచ్చు ఒకటే ఉండే చిన్న బ్రష్ చేతిలో పెట్టి, అద్దంలో రెండుసార్లు చేయించి చూసి, మళ్లీ మూడు నెలలకి రమ్మంది.